స్కానులో దొంగనీడలు!

ఎమ్మారై తీయించామంటే ఒంట్లో ఏముందో ఉన్నదున్నట్టు బయటపడుతుందని మన నమ్మకం. చాలావరకూ నిజమే. కానీ ఆ ఫిల్ముల్లో అప్పుడప్పుడూ లేని మచ్చలు కనిపిస్తాయి. ఉన్న మచ్చలు మాయమవుతాయి. ఎందుకలా? వాటిని తప్పించడానికి స్కాన్ సెంటర్లో ఏం చేస్తారు? మన వంతుగా ఏం చేయాలి?

తల వెనకభాగంలో ముక్కు మొలిచింది!

కాలేయంలో గుండ్రటి మచ్చ ఒకటి తేలింది. వెన్నుపాము మధ్యలో పొడవునా ఓ సన్నటి గీత... లోపల నీరు చేరిందేమో అన్నట్టుగా. ఇంకొకరి నుదుటి దగ్గరైతే నల్లటి గొయ్యి. అక్కడ చర్మమూ లేదు, ఎముకా లేదు, అసలేమీ లేదు!

చూడగానే గుండె జారిపోయే బొమ్మలే అన్నీ. కానీ వీటిలో ఒక్కటీ రోగం కాదు. మొదటిది కొలత చాలక వచ్చిన తంటా. రెండోది పక్కనున్న పెద్ద రక్తనాళం కొట్టుకుంటూ వేసిన నీడ. మూడోది గణితం గీసిన గీత. ఇక నాలుగోది... జుట్టులో మరిచిపోయిన ఓ పక్కపిన్ను చేసిన నిర్వాకం.

వైద్యుల భాషలో వీటిని 'ఆర్టిఫ్యాక్ట్స్' అంటారు. ఒంట్లో లేకుండా బొమ్మలో మాత్రమే కనిపించేవన్నమాట. మన భాషలో చెప్పాలంటే దొంగనీడలు. వీటితో చిక్కు రెండు రకాలు. లేని రోగాన్ని ఉన్నట్టు చూపించి కంగారు పెట్టడం ఒకటి. అసలైన రోగం మీద ముసుగులా పరుచుకుని దాన్ని కనిపించకుండా చేయడం రెండోది. మొదటిదానివల్ల నిద్ర పోతుంది, డబ్బు పోతుంది. రెండోదానివల్ల చికిత్స మొదలుపెట్టాల్సిన సమయమే చేజారిపోవచ్చు. సంతోషించాల్సిన విషయం ఏమిటంటే, వీటిలో చాలావాటిని తప్పించుకోవచ్చు. అందులో సగం పని పేషెంటు చేతుల్లోనే ఉంది.

ఫొటో కాదు... లెక్క!

దొంగనీడ ఎలా వస్తుందో తెలియాలంటే ముందు అసలు బొమ్మ ఎలా వస్తుందో తెలియాలి.

ఎక్స్‌రే అంటే నీడే. ఒకవైపు నుంచి కిరణాలు పంపితే రెండోవైపు ఎముక నీడ పడుతుంది. ఎమ్మారైలో అలా ఏదీ పడదు. అందులో కెమెరా లేదు, కిరణాలూ లేవు. ఉన్నవి మూడే... ఓ పెద్ద అయస్కాంతం, ఓ రేడియో, ఓ కంప్యూటర్.

మన ఒంట్లో సగానికి పైగా నీళ్లే. నీటిలో హైడ్రోజన్ ఉంటుంది. ఆ హైడ్రోజన్ పరమాణువుల కేంద్రకాలు బుల్లి అయస్కాంతాల్లా ప్రవర్తిస్తాయి. మామూలుగా తలో దిక్కూ చూస్తుంటాయి. ఎమ్మారై గొట్టంలోకి వెళ్లాక మాత్రం వాటిలో కొన్ని పెద్ద అయస్కాంతం చెప్పిన దిక్కుకి సర్దుకుంటాయి. అదెంత బలమైందో తెలుసా? ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించే 1.5 టెస్లా యంత్రం బలం భూమి అయస్కాంత క్షేత్రానికి దాదాపు 30 వేల రెట్లు! అప్పుడు ఓ రేడియో తరంగాన్ని పంపి ఆ కేంద్రకాలను కాస్త కదిలిస్తారు. తరంగం ఆగగానే అవి మళ్లీ మొదటి స్థితికి వస్తూ తామూ సన్నటి రేడియో సంకేతాన్ని వెలువరిస్తాయి. యంత్రం దాన్ని 'వింటుంది'.

బాగానే ఉందిగానీ, ఆ సంకేతం ఏ మూల నుంచి వచ్చిందో ఎలా తెలుస్తుంది? అక్కడే ఉంది కిటుకు. అయస్కాంత బలాన్ని ఒక చివర కాస్త తక్కువగా, రెండో చివర కాస్త ఎక్కువగా ఉంచుతారు. దాంతో ఒక్కోచోటి నీరు ఒక్కో శ్రుతిలో పలుకుతుంది, హార్మోనియం మెట్లలాగా. అన్నీ కలిసి ఒకేసారి మోగుతుంటే ఏ స్వరం ఎంత గట్టిగా వినిపించిందో కంప్యూటర్ విడదీసి చుక్కలుగా పేరుస్తుంది. ఈ విడదీసే గణితాన్ని ఫ్రాన్స్ శాస్త్రవేత్త జోసెఫ్ ఫూరియర్ 1822లోనే పుస్తకంగా రాశాడు. ఆయనకి అప్పట్లో కావాల్సింది వేడి ఎలా ప్రవహిస్తుందో చెప్పడం! అయస్కాంత బలాన్ని చోటుకో రకంగా మారిస్తే బొమ్మ గీయొచ్చని అమెరికా శాస్త్రవేత్త పాల్ లాటర్‌బర్ 1973లో చూపించాడు. బ్రిటన్‌కు చెందిన పీటర్ మాన్స్‌ఫీల్డ్ ఆ లెక్కకు పదునుపెట్టి, వేగం పెంచాడు. ఇద్దరికీ కలిపి 2003లో వైద్యశాస్త్ర నోబెల్ దక్కింది.

అంటే ఎమ్మారై బొమ్మ చూసి తీసింది కాదు, విని లెక్కకట్టింది. లెక్కలో ఎక్కడ తేడా వచ్చినా బొమ్మలో తేలుతుంది. దొంగనీడలన్నిటికీ మూలం ఇదే.

కదిలితే దయ్యాలే!

అన్నిటికంటే ఎక్కువగా ఇబ్బందిపెట్టేది కదలిక. మామూలు ఫొటోలో పిల్లాడు చెయ్యి ఊపితే చెయ్యి ఒక్కటే మసకబారుతుంది. ఎమ్మారైలో అలా కాదు. కదిలిన భాగం పక్కపక్కనే నాలుగైదుసార్లు అచ్చుపడినట్టు వరసగా కనిపిస్తుంది. డాక్టర్లు వీటిని నిజంగానే 'ఘోస్ట్స్' అంటారు... దయ్యాలన్నమాట.

కారణం ఏమిటంటే, బొమ్మకు కావాల్సిన సమాచారం ఒక్కసారిగా రాదు. వరస తర్వాత వరసగా, వందల వరసలు నింపుకుంటూ రావాలి. ఒక్కో వరసను వినడానికి సెకనులో వెయ్యోవంతుల్లోనే పనైపోతుంది. అన్ని వరసలూ పూర్తవడానికి మాత్రం నిమిషాలు పడుతుంది. పైగా ఒక్కో వరసలో బొమ్మలోని ఒక్కో ముక్క ఉండదు, మొత్తం బొమ్మకు సంబంధించిన సమాచారం ఉంటుంది. సాంబారులో ఉప్పు ఎక్కువైతే ఓ పక్కనే ఉండిపోతుందా? గిన్నె అంతా పాకుతుంది కదా! ఇదీ అంతే. మధ్యలో కాసేపు కదిలితే ఆ తప్పు బొమ్మంతా పరుచుకుంటుంది.

కాలూ చెయ్యీ కదపకుండా పడుకున్నా లోపల కొన్ని కదులుతూనే ఉంటాయి. ఊపిరి, గుండె, పేగులు, గుటక మింగేటప్పుడు గొంతు, రెప్పల వెనక కనుగుడ్లు, నాళాల్లో రక్తం. వెన్నెముక ముందునుంచి దిగే బృహద్ధమని గుండెతోపాటే కొట్టుకుంటుంటుంది. దాని దయ్యం ఒక్కోసారి సరిగ్గా కాలేయం ఎడమభాగంలో వచ్చి కూర్చుంటుంది. అచ్చం గడ్డలాగే!

మరి గడ్డా, దయ్యమా... ఎలా తేల్చడం? దీనికో చక్కని ఉపాయం ఉంది. ఈ దయ్యాలు బొమ్మలో ఒకే దిశలో వరసకడతాయి. యంత్రం వరసలు నింపే దిశను మార్చి మళ్లీ తీస్తే దయ్యం చోటు మారుస్తుంది. నిజమైన గడ్డ ఉన్నచోటే ఉంటుంది. అందుకే టెక్నీషియన్ 'ఇంకోసారి తీయాలండీ' అంటే రోగం ముదిరిందని కంగారుపడక్కర్లేదు. ఎమ్మారైలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు కాబట్టి మళ్లీ తీయించుకున్నా రేడియేషన్ భయం లేదు.

మిగతా కదలికలకీ తలో మందు ఉంది. పొట్ట స్కానులో 15-20 సెకన్లు ఊపిరి బిగబట్టమంటారు. అది చేతకానివాళ్లకి పొట్టమీద బెల్టు కట్టి, ఊపిరి వదిలి నిలకడగా ఉన్న క్షణాల్లోనే సమాచారం తీసుకుంటారు. గుండెకైతే ఈసీజీ తీగలు తగిలించి ప్రతి స్పందనలో ఒకే దశ దగ్గర వింటారు. పేగుల కదలికను కాసేపు తగ్గించే ఇంజెక్షన్లూ ఉన్నాయి. తల కదిలించే వృద్ధులకీ, పిల్లలకీ 'ప్రొపెల్లర్' అనే పద్ధతి వాడతారు. ఫ్యాను రెక్కల్లా సమాచారాన్ని తిప్పుతూ సేకరించడం దీని ప్రత్యేకత. ప్రతి రెక్కా మధ్యభాగాన్ని మళ్లీ కొలుస్తుంది కాబట్టి తల ఎంత కదిలిందో కంప్యూటర్ పసిగట్టి సర్దేస్తుంది. దీన్ని జేమ్స్ పైప్ అనే శాస్త్రవేత్త 1999లో ప్రకటించాడు.

కదలిక ఖరీదు ఎంతో 2015లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. దాదాపు 20 శాతం పరీక్షల్లో ఏదో ఒక విడతను మళ్లీ తీయాల్సి వచ్చిందట. దానివల్ల ఒక్కో యంత్రంమీద ఏడాదికి లక్షా 15 వేల డాలర్ల ఆదాయం పోతుందని వాళ్ల అంచనా.

పిన్నీసు చేసే ఘనకార్యం

తర్వాతి స్థానం లోహానిది. ఇనుము కలిసిన వస్తువు ఏదైనా సరే, తన చుట్టూ అయస్కాంత బలాన్ని అస్తవ్యస్తం చేస్తుంది. శ్రుతిని బట్టే కదా యంత్రం చోటును గుర్తుపట్టేది! శ్రుతే చెడిపోతే ఆ భాగం ఎక్కడుందో దానికి తెలియదు. దాంతో లోహం ఉన్నచోట నల్లటి గొయ్యి, దాని అంచున తెల్లటి మెరుపు, చుట్టుపక్కల వంకర్లు. పిన్ను గోరంతే ఉన్నా గొయ్యి మాత్రం దానికి ఎన్నోరెట్లు ఉంటుంది.

మన ఇళ్లలో ఈ చిన్న లోహాలకి కొదవేముంది! పక్కపిన్నులు, రబ్బరుబ్యాండుకుండే క్లిప్పు, జాకెట్టు హుక్కులు, తాళికి గుచ్చిన పిన్నీసులు, చీర జరీ, మొలతాడుకి కట్టిన తాయెత్తు, కాలి మెట్టెలు, ముక్కుపుడక. 'బంగారం అయస్కాంతానికి అంటుకోదు కదా, మంగళసూత్రం ఎందుకు తీయాలి' అని చాలామంది అడుగుతుంటారు. అంటుకోదు, నిజమే. కానీ నగల్లో వేరే లోహాలు కలుస్తాయి. కొక్కేలూ, స్ప్రింగులూ స్టీలువి కావచ్చు. అన్నిటికీ మించి, ఏ లోహమైనా విద్యుత్తును ప్రవహింపనిస్తుంది. లోపలి రేడియో తరంగాలకి అది వేడెక్కి చర్మం కాలే ప్రమాదమూ ఉంది. సెంటిమెంటు అనుకునేవాళ్లు పసుపుతాడు కట్టుకుని గొలుసు తీసి ఇంట్లోవాళ్లకి ఇస్తే సరిపోతుంది.

కళ్లకి పెట్టుకునే మస్కారా, ఐలైనర్, ఐషాడోల రంగుల్లో ఇనుప ఆక్సైడు ఉండొచ్చు. కంటి స్కానులో, మెదడు స్కానులో కంటి చుట్టూ ముసురుకునే నీడలకి అదో కారణం. కొన్ని పచ్చబొట్ల రంగుల్లోనూ ఇనుము ఉంటుంది. పళ్లకి వేసిన తీగలు, స్టీలు తొడుగులు ముఖం, మెదడు ముందుభాగం బొమ్మల్ని చెడగొడతాయి.

తీసేయడానికి వీల్లేని లోహాల సంగతేంటి? మోకాలి చిప్ప మార్పిడి, తుంటిలో రాడ్డు, వెన్నులో స్క్రూలు... ఇవన్నీ ఇప్పుడు మామూలైపోయాయి. వీటికి స్టీలుకన్నా టైటానియమే మెరుగు. దాని గొయ్యి చిన్నది. టెక్నీషియన్ చేతిలోనూ కొన్ని మంత్రాలున్నాయి. చెదిరిన సంకేతాన్ని మళ్లీ ఒకచోటికి చేర్చే 'స్పిన్ ఎకో' పద్ధతిని ఎంచుకోవడం, సంకేతాన్ని మరింత వేగంగా విని పక్కకి జరగడాన్ని తగ్గించడం, ముక్కల్ని పలుచగా తీయడం, 3 టెస్లా బదులు 1.5 టెస్లా యంత్రం మీదే స్కాన్ చేయడం లాంటివి. 2009లో వెలుగులోకి వచ్చిన సెమాక్, మావ్రిక్ అనే పద్ధతులైతే లోహం పక్కనున్న కండరాన్నీ, ఎముకనీ కూడా చాలావరకూ చూపిస్తున్నాయి. ఇవన్నీ చేయాలంటే ఒంట్లో లోహం ఉందని ముందే తెలియాలి. పాత ఆపరేషన్ కాగితాలు వెంట ఉండాలి.

ఇక్కడ బొమ్మకన్నా ముఖ్యమైంది ప్రాణం. 2018 జనవరిలో ముంబయిలోని ఓ ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండరుతో ఎమ్మారై గదిలోకి వెళ్లిన రోగి బంధువును అయస్కాంతం సిలిండరుతో సహా లాగేసింది. ఆయన ప్రాణాలు కోల్పోయాడు. స్కాన్ జరగని సమయంలోనూ ఆ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. పేస్‌మేకర్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంటు, మెదడు నాళానికి వేసిన క్లిప్పు ఉన్నా, వెల్డింగ్, లేతు పనుల్లో ఎప్పుడైనా కంట్లో ఇనుపరజను పడి ఉన్నా తప్పకుండా చెప్పాలి.

పన్నెండు దాటితే మళ్లీ ఒకటే!

తల వెనక మొలిచిన ముక్కు సంగతి చూద్దాం. గోడగడియారంలో 12 దాటాక 13 ఉండదు, మళ్లీ ఒంటిగంటే. ఎమ్మారై లెక్కలోనూ అలాంటి హద్దు ఒకటుంది. తల మొత్తానికి సరిపడా కాకుండా చిన్న పరిధి పెట్టుకుని స్కాన్ చేశారనుకోండి. హద్దు దాటిన ముక్కు గడియారం ముల్లులా చుట్టు తిరిగి బొమ్మ వెనక అంచున తేలుతుంది. పొట్ట స్కానులో పక్కనే ఉన్న చేతులు కాలేయం మీదికి వచ్చి పడటమూ ఇలాంటిదే.

దీని పరిష్కారం సులువే. పరిధి పెంచడం, లేదా కొలిచేటప్పుడు హద్దుకి అవతల కూడా కొలిచి చివర్లో ఆ భాగాన్ని కత్తిరించేయడం. లేదంటే అవసరంలేని భాగం సంకేతాన్ని ముందే అణిచేయడం. 'చేతులు పైకి పెట్టుకోండి' అని టెక్నీషియన్ అనడం వెనకున్న కారణాల్లో ఇదొకటి.

గణితం గీసిన గీత

వెన్నుపాములో కనిపించిన గీత ఇంకా విచిత్రం. ఎన్నో అలల్ని కలిపి బొమ్మ గీయడం ఫూరియర్ పద్ధతి. తెలుపు నుంచి నలుపుకి ఒక్కసారిగా మారే అంచును గీయాలంటే అంతులేనన్ని అలలు కావాలి. యంత్రం దగ్గర ఉన్నవి కొన్ని వందలే. దాంతో అంచు పక్కన నీళ్లలో రాయి వేసినట్టు సన్నటి చారలు మిగిలిపోతాయి. వీటిని అమెరికా శాస్త్రవేత్త జోసియా విల్లర్డ్ గిబ్స్ 1899లో వివరించాడు. అంతకు యాభై ఏళ్ల ముందే, 1848లో హెన్రీ విల్‌బ్రహామ్ అనే ఆంగ్లేయుడు గుర్తించినా ఎవరూ పట్టించుకోలేదు. ఎమ్మారై అనే మాటే పుట్టని రోజుల్లో కాగితంమీద కనిపెట్టిన ఆ చార, ఇప్పుడు సన్నటి వెన్నుపాము మధ్యలో పడి, లోపల నీటితిత్తి ఏర్పడే 'సిరింక్స్' అనే జబ్బులా కనిపిస్తుంది. చుక్కలు ఇంకా చిన్నవి చేసి తీస్తే చార సన్నబడి పక్కకు జరుగుతుంది. నిజమైన తిత్తి అలాగే ఉంటుంది. కాకపోతే చుక్కలు చిన్నవయ్యేకొద్దీ సమయం పెరుగుతుంది. సమయం పెరిగితే పేషెంటు కదులుతాడు! ఒకటి సరిచేయబోతే ఇంకోటి... టెక్నీషియన్ల పని అందుకే కత్తిమీద సాము.

కొవ్వుదీ ఇలాంటి పేచీయే. కొవ్వులోని హైడ్రోజన్ నీటిలోని దానికంటే కాస్త తక్కువ శ్రుతిలో పలుకుతుంది. 1.5 టెస్లా దగ్గర ఈ తేడా సెకనుకు దాదాపు 220 కంపనాలు. శ్రుతిని చూసి చోటు చెప్పే యంత్రం కొవ్వును కాస్త పక్కకు జరిపి గీస్తుంది. దాంతో మూత్రపిండాల్లాంటి అవయవాలకి ఒకవైపు నల్ల అంచు, రెండోవైపు తెల్ల అంచు వస్తాయి. కొవ్వు సంకేతాన్ని అణిచేసి తీయడం దీనికి ఒక విరుగుడు.

55 డిగ్రీల మాయ

భుజం నొప్పితో వెళ్తే ఇంకో చిక్కు ఎదురవుతుంది. కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే తాళ్లను టెండన్లంటారు. ఆరోగ్యంగా ఉంటే ఎమ్మారైలో నల్లగా కనిపిస్తాయి. దెబ్బతింటే తెల్లబడతాయి. అయితే అయస్కాంత దిశకు దాదాపు 55 డిగ్రీల ఏటవాలుగా ఉన్న టెండన్ ఏ దెబ్బా లేకపోయినా కొన్నిరకాల బొమ్మల్లో తెల్లగా మెరుస్తుంది! డాక్టర్లు దీన్ని 'మ్యాజిక్ యాంగిల్' అంటారు. భుజం టెండన్ వంపు తిరిగేది కాబట్టి ఎక్కడో ఒకచోట ఆ కోణం తగులుతుంది. అందుకే రేడియాలజిస్టులు ఒక్కరకం బొమ్మను చూసి తీర్పు చెప్పరు. సంకేతాన్ని ఇంకాస్త ఆలస్యంగా వినే రకం బొమ్మల్లోనూ ఆ తెలుపు ఉందా లేదా అని చూస్తారు. అక్కడా ఉంటేనే దెబ్బ. లేకపోతే మాయ.

తలుపు సందులోంచి రేడియో

ఎమ్మారై గది గోడల్లోపల రాగిరేకులాంటి లోహపు కవచం ఉంటుంది. తలుపుకీ ఉంటుంది. 1.5 టెస్లా యంత్రం వినే తరంగం దాదాపు 64 మెగాహెర్ట్జ్, 3 టెస్లాది 128. మనం వినే ఎఫ్ఎం 88-108 మధ్య. విమానాల పైలట్లు మాట్లాడుకునేవి 118-137 మధ్య. అన్నీ ఇరుగుపొరుగే! తలుపు సరిగ్గా పడకపోయినా, గదిలో వేరే పరికరం పనిచేస్తున్నా బయటి తరంగం లోపలికి దూరి బొమ్మకి అడ్డంగా జిప్పు కుట్టినట్టు చుక్కల వరస గీస్తుంది. ఇక గదిలో ఎక్కడో ఓ చిన్న నిప్పురవ్వ పుట్టినా, తీగ వదులైనా చాలు... ఒక్క తప్పు అంకె వల్ల బొమ్మ మొత్తం గళ్లలుంగీలా చారలు చారలుగా తయారవుతుంది. ఇవి పేషెంటు చేయగలిగినవి కావు. యంత్రాన్ని చూసుకునే ఇంజినీర్లు తేల్చాల్సినవి.

పెద్ద యంత్రమైతే మేలా?

'3 టెస్లాలో తీయించండి, ఖర్చెక్కువైనా ఫర్వాలేదు' అంటుంటారు కొందరు. మెదడు, కీళ్లలాంటి భాగాల సన్నటి వివరాలకి అది మెరుగే. కానీ బలం పెరిగేకొద్దీ లోహం గొయ్యి కూడా పెద్దదవుతుంది. కొవ్వు, నీటి శ్రుతుల తేడా రెట్టింపవుతుంది. పొట్టలో నీరు చేరినవాళ్లకైతే 3 టెస్లాలో రేడియో తరంగం అన్నిచోట్లకీ సమానంగా అందక మధ్యలో నల్లటి మబ్బు కమ్మొచ్చు. ఏ యంత్రమన్నది ఏ భాగానికి, ఎవరికి అన్నదాన్ని బట్టి డాక్టరు చెప్పాల్సిన మాట.

కొత్త పద్ధతులు సమయాన్ని తగ్గిస్తున్నాయి. సమయం తగ్గితే కదలికా తగ్గినట్టే. వరసలన్నీ కొలవకుండా కొన్నిటితోనే బొమ్మ పూర్తిచేసే 'కంప్రెస్డ్ సెన్సింగ్' పద్ధతిని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2007లో ఎమ్మారైకి అన్వయించారు. ఇప్పుడు కృత్రిమ మేధ ఆ ఖాళీలను పూరిస్తోంది. అయితే దానికీ ఓ జాగ్రత్త అవసరం. ఖాళీని పూరించేటప్పుడు కృత్రిమ మేధ లేనిదాన్ని కల్పించే వీలుందనీ, చిన్న మచ్చను తుడిచేసే వీలూ ఉందనీ అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలో 2020లో వచ్చిన పరిశోధన హెచ్చరించింది. పాత దయ్యాలైతే వికారంగా ఉంటాయి కాబట్టి దొరికిపోతాయి. కొత్తవి అందంగా ఉంటాయి. రేడియాలజిస్టు కళ్లకి పని తగ్గలేదన్నమాట.

స్కానుకు వెళ్లేముందు...

* ఒంట్లో ఉన్న రాడ్లు, స్క్రూలు, స్టెంట్లు, క్లిప్పుల గురించి చెప్పండి. ఎప్పుడో చిన్నప్పటి ఆపరేషన్ అని వదిలేయొద్దు. కాగితాలు తీసుకెళ్లండి.

* నగలు, తాయెత్తులు, పిన్నులు ఇంట్లోనే తీసేసి వెళ్తే అక్కడ పోగొట్టుకునే బెడదా ఉండదు. తీసి పెట్టుకునే పళ్లసెట్టు, వినికిడి యంత్రం, వాచీ, ఫోను, ఏటీఎం కార్డులు బయటే ఉంచాలి. కళ్లకి మేకప్ వద్దు. లోహపు పొర ఉన్న మందు పట్టీలు ఒంటికి అంటించుకుని ఉంటే ముందే చెప్పాలి.

* పొట్ట స్కాన్ అయితే ఎన్ని గంటలు తినకూడదో కనుక్కోండి. ఊపిరి 20 సెకన్లు బిగబట్టడం ముందురోజు నాలుగుసార్లు సాధన చేయండి.

* లోపలికెళ్లేముందు బాత్రూముకి వెళ్లిరండి. నడుము నొప్పి ఉంటే మోకాళ్ల కింద దిండు అడగండి. సౌకర్యంగా పడుకుంటేనే కదలకుండా ఉండగలం.

* లోపల చప్పుడు వంద డెసిబెళ్లు దాటొచ్చు. చెవుల్లో దూది, హెడ్‌ఫోన్లు ఇస్తారు. చప్పుడు ఆగిన వ్యవధిలోనే దగ్గడం, సర్దుకోవడం చేయండి. అదీ టెక్నీషియన్ని అడిగి! చేతిలో ఉండే గంటను నొక్కితే వాళ్లు వెంటనే పలుకుతారు.

* ఇరుకు గదులంటే భయమున్నవాళ్లు ఆ సంగతి ముందే డాక్టరుకి చెప్పాలి. పసిపిల్లలకి పాలుపట్టి, గుడ్డలో చుట్టి నిద్రపుచ్చి తీసే వీలుంటుంది. కాస్త పెద్దపిల్లలైతే ఇంట్లోనే 'బొమ్మలా పడుకునే ఆట' ఆడించి, ఆ చప్పుళ్లు వినిపించి తీసుకెళ్తే మత్తుమందు అవసరం తప్పొచ్చు.

రిపోర్టులో ఈ మాటలుంటే...

రిపోర్టు చేతికి రాగానే ఇంగ్లిషు మాటల్ని కూడబలుక్కుని భయపడిపోవడం చాలా ఇళ్లలో మామూలే. 'మోషన్ ఆర్టిఫ్యాక్ట్స్' అంటే పేషెంటు కదలడం వల్ల బొమ్మ చెదిరిందని. 'ససెప్టబిలిటీ ఆర్టిఫ్యాక్ట్' అంటే లోహం, గాలి లాంటివాటి వల్ల ఆ చోట బొమ్మ వంకర పోయిందని. 'సబాప్టిమల్ స్టడీ' అంటే బొమ్మ నాణ్యత అనుకున్నంత రాలేదని. 'లిమిటెడ్ ఇవాల్యుయేషన్' అంటే ఆ భాగాన్ని పూర్తిగా చూడలేకపోయామని. ఇవేవీ జబ్బుల పేర్లు కావు.

అలాగని తీసిపారేయాల్సిన మాటలూ కావు. 'ఏమీ లేదు' అనడానికీ 'సరిగ్గా కనబడలేదు' అనడానికీ చాలా తేడా ఉంది. చివరి రెండు మాటల్లో ఏది కనిపించినా డాక్టరుని ఒక ప్రశ్న అడగండి... 'మనం అనుమానిస్తున్న భాగం స్పష్టంగా కనిపించిందా, లేక మళ్లీ తీయాలా?' అని. అలాగే, ఫిల్ములో కనిపించిన నల్లమచ్చ నీడో, నిజంగా రక్తం గడ్డకట్టిన గుర్తో తేల్చాల్సింది రేడియాలజిస్టే. ఇంట్లో కూర్చుని 'ఇది దొంగనీడేలే' అని మనకి మనమే ధైర్యం చెప్పుకోవడం కూడా ప్రమాదమే. పాత స్కాన్ల ఫిల్ములు, సీడీలు దాచుకుని ఎప్పుడు వెళ్లినా వెంట తీసుకెళ్తే పోల్చి చూడటానికి అంతకన్నా మంచి ఆధారం ఉండదు.

వేల రూపాయలు పోసి తీయించుకునే పరీక్ష ఇది. అయస్కాంతం ఎంత గొప్పదైనా, కంప్యూటర్ ఎంత వేగవంతమైనదైనా పక్కపిన్ను ఉందని అవి చెప్పలేవు, ఊపిరిని అవి బిగబట్టలేవు. ఆ రెండూ మనమే చేయాలి. ఆ కాసేపు నిజం చెప్పి, కదలకుండా పడుకుంటే చాలు... చాలా దయ్యాలు దరిచేరవు!